ఏటి నీళ్లకు ఒక ఫిల్టర్, బోరు నీళ్లకు ఒక ఫిల్టర్: సింక్ కింద ఏది పెట్టించాలి?

అనంతపురం, కడప, కర్నూలు ఊళ్లలో కొత్తగా ఇల్లు కట్టేవాళ్లు, వంటగది మళ్లీ చేయించుకునేవాళ్లు ఈ మధ్య గోడకు తగిలించే ఫిల్టర్ బదులు సింక్ కింద పెట్టేది అడుగుతున్నారు. గోడ ఖాళీగా ఉంటుంది, గట్టు మీద ఒక చిన్న కొళాయి మాత్రం కనిపిస్తుంది, వండేచోటే మంచినీళ్లు దొరుకుతాయి. పద్ధతి మంచిదే. షాపుకు వెళ్లాకే తికమక మొదలవుతుంది. ఆర్‌ఓ, యూవీ, యూఎఫ్, కాపర్, ఆల్కలైన్ అంటూ ఒక్కో డబ్బా మీద ఒక్కో పేరు ఉంటుంది. ఎన్ని పేర్లు ఎక్కువుంటే అంత మంచిదన్నట్టు అమ్ముతారు.

నా అభిప్రాయం ముందే చెప్తాను. మన మూడు ఊళ్లలో ఫిల్టర్‌ను తేల్చేది కంపెనీ కాదు, ట్యాంకులోకి వచ్చే నీళ్లు. ఏటి నీళ్లు మాత్రమే వాడే ఇంటికి ఆర్‌ఓ (నీళ్లను ఒత్తిడితో సన్నటి పొర గుండా నెట్టి, కరిగిన లవణాలను కూడా వేరుచేసే మెషిన్) చాలావరకు అనవసరం. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు వాడే ఇంటికి ఆర్‌ఓ తప్ప వేరే దారి దాదాపు లేదు. రెండూ ఒకే సంపులో కలిసే ఇళ్లే ఎక్కువ కాబట్టి, ఫిల్టర్ కన్నా ముందు ప్లంబర్‌తో పని ఉంటుంది.

ముందు తేల్చుకోవాల్సింది: అవి ఏ నీళ్లు?

అనంతపురానికి మున్సిపల్ నీళ్లు పెన్నహోబిలం రిజర్వాయర్ నుంచి వస్తాయి. అందులోకి హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ) ద్వారా చేరేది తుంగభద్ర నీరే. కర్నూలు తాగేది కూడా తుంగభద్రే, సుంకేసుల దగ్గర ఆపిన నీళ్లు. కడపకు పెన్నా ఆధారం. ఈ నీళ్లలో ఉప్పు తక్కువ. వీటితో వచ్చే ఇబ్బంది వేరు: వానాకాలంలో బురద, పైపులైను లీకైన చోట మురుగు కలవడం, సంపులో నిల్వ ఉండేకొద్దీ క్లోరిన్ ఎగిరిపోయి సూక్ష్మజీవులు పెరగడం.

బోరు నీళ్ల కథ వేరు. అనంతపురం వైపు భూమి ఎక్కువగా గ్రానైట్ జాతి రాయి. వాన తక్కువ, బోర్లు లోతు. రాయిలోని ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి నీళ్లలో కరుగుతుంది. కడప, కర్నూలు వైపు సున్నపురాయి ఎక్కువ కాబట్టి నీళ్లలో కాఠిన్యం ఎక్కువ. పప్పు త్వరగా ఉడకదు, గీజర్‌లో తెల్లటి పొర కడుతుంది, సబ్బు నురగ రాదు. అలాగని అక్కడ ఫ్లోరైడ్ ఉండదని కాదు. వీధి మారితే బోరు గుణం మారుతుంది, పక్కింటి రిపోర్టు మీకు పనికిరాదు.

భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీటి ఆధారం లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. టీడీఎస్‌కు, అంటే నీళ్లలో కరిగిన లవణాల మొత్తానికి, ఆ అంకెలు 500, 2000. మొత్తం కాఠిన్యానికి 200, 600. నైట్రేట్‌కు 45, దానికి సడలింపు లేదు.

టీడీఎస్ మీటర్ ఎక్కడ ఆగిపోతుంది

ఫిల్టర్ అమ్మే మనిషి ఇంటికొచ్చి చిన్న పెన్ను లాంటి మీటర్ గ్లాసులో ముంచి అంకె చూపిస్తాడు. 900 అంటే మనకు టెన్షన్, 250 అంటే ధీమా. ఆ మీటర్ కొలిచేది నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంత అని మాత్రమే. అందులో ఫ్లోరైడ్ ఎంతో అది చెప్పలేదు. లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ అంటే పిల్లల పళ్ల మీద మచ్చలు రావడానికి చాలు. కానీ 450 టీడీఎస్‌లో ఆ 2 ఎక్కడ కనబడుతుంది?

నాలుక కూడా చెప్పలేదు. ఫ్లోరైడ్‌కు రుచి, వాసన, రంగు ఏవీ లేవు. పైగా కాల్షియం ఎక్కువున్న గట్టి నీళ్లలో ఫ్లోరైడ్ కొంత కాల్షియంతో కలిసి రాయిలోనే ఉండిపోతుంది. కాల్షియం తక్కువున్న మెత్తటి బోరు నీళ్లలోనే అది ఎక్కువ కరగొచ్చు. ‘మా బోరు నీళ్లు తియ్యగా ఉంటాయి’ అన్న మాట నమ్మి టెస్ట్ మానేయకండి.

2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ టీడీఎస్ 500 లోపున్న చోట ఆర్‌ఓ వాడకాన్ని నిషేధించాలని కేంద్ర పర్యావరణ శాఖను ఆదేశించింది. నీళ్ల వృథా దృష్ట్యా ఏటి నీళ్లకు ఆ మాట న్యాయమే. మన బోర్లకు మాత్రం ఆ ఒక్క అంకె పట్టుకుని నిర్ణయం తీసుకోకూడదు.

ఫ్లోరైడ్ టెస్ట్ పెద్ద పని కాదు. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుల్లో జల్ జీవన్ మిషన్ కింద మామూలు జనం కూడా నామమాత్రపు ఫీజుకు నీళ్లు పరీక్ష చేయించుకోవచ్చు. పల్లెలో అయితే గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంట్‌ను అడగండి, ఎక్కడివ్వాలో చెప్తారు. బోరు కాసేపు ఆడించాక, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అవే నీళ్లతో కడిగి లీటరు పట్టాలి. సూక్ష్మజీవుల పరీక్ష కూడా కావాలంటే దానికి వేరే సీసా ల్యాబువాళ్లనే అడిగి తీసుకోవాలి. ఎండాకాలం చివర ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి చేయిస్తే బోరు గుణం తెలుస్తుంది. పదివేలకు పైన పెట్టే వస్తువు కొనేముందు ఈ పని చేయకపోవడం నాకు అర్థం కాని సంగతి.

వండే నీళ్లు కూడా లెక్కలోకి వస్తాయి

మన ఊళ్లలో చాలా ఇళ్లలో తాగడానికి ఇరవై లీటర్ల క్యాన్ వేయించుకుంటారు, వంట మాత్రం బోరు నీళ్లతో చేస్తారు. అన్నం, పప్పు, సంగటి అన్నీ నీళ్లు పీల్చుకునే వంటలే. బోరు నీళ్లలో ఉన్న ఫ్లోరైడ్ ఆ నీళ్లతోనే కంచంలోకి వస్తుంది. కాచినా పోదు. నీరు ఆవిరై తగ్గుతుంది కాబట్టి మిగిలిన దాంట్లో దాని పాలు ఇంకా పెరుగుతుంది.

సింక్ కింది ఫిల్టర్‌కు నేను మొగ్గు చూపేది ఇందుకే. బియ్యం కడిగి ఎసరు పోసేచోటే మంచినీళ్ల కొళాయి ఉంటే వంటకు కూడా అవే వాడతారు. క్యాన్ వంచి ఎసరు పెట్టే ఓపిక రోజూ ఎవరికీ ఉండదు. నలుగురున్న ఇంట్లో తాగడానికి, వంటకు కలిపి రోజుకు 15 నుంచి 20 లీటర్లు అనుకుని లెక్క వేసుకోండి.

ఇల్లు ఒప్పుకుంటుందా?

ప్రెషర్ సంగతి చాలామంది ఫిల్టర్ బిగించే రోజు దాకా తలుచుకోరు. పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటికి చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ప్రెషర్ ఉంటుంది. ఒక అంతస్తు ఇంట్లో మిద్దె మీదే ట్యాంకు ఉంటే సింక్ దగ్గర పావు కిలో చుట్టుపక్కలే వస్తుంది. ఆర్‌ఓ మెషిన్లు చాలావాటికి కనీసం 0.3 కావాలి. తగ్గితే లోపలి స్విచ్ పంపును ఆపేస్తుంది, మనం మెషిన్ పాడైందనుకుంటాం. ట్యాంకును స్టాండ్ మీదకు ఎత్తించడం దీనికి మంచి మందు. ఎత్తైన అపార్ట్‌మెంట్లలో కింది అంతస్తులవాళ్లది దీనికి తిరగబడిన సమస్య. వాళ్లు ప్రెషర్ తగ్గించే వాల్వ్ పెట్టించుకోవాలి.

కరెంటు రెండోది. సింక్ కింద ప్లగ్ పాయింట్ ఉందా? అది నీళ్లు కారినా తడవనంత ఎత్తులో ఉందా? మూడోది చోటు. మన వంటిళ్లలో గట్టు కింద అరలు కడప బండతో కట్టి ఉంటాయి. గ్యాస్ సిలిండర్, నూనె డబ్బాలు పోగా మిగిలిన చోటు కొలిచి, ఆ కొలత పట్టుకుని షాపుకు వెళ్లండి. బండకు రంధ్రం వేయాల్సి వస్తే ముందే వేయించాలి. సామాన్లు సర్దాక వేస్తే దుమ్ము, ఒక్కోసారి పగులు.

రకాలు, పక్కపక్కన

| చూడాల్సింది | సెడిమెంట్ + కార్బన్ | యూఎఫ్ + కార్బన్ | యూవీ + కార్బన్ | ఆర్‌ఓ |
|---|---|---|---|---|
| బురద, ఇసుక | ఆపుతుంది | ఆపుతుంది | ముందు ఫిల్టర్ ఆపుతుంది | ముందు ఫిల్టర్ ఆపుతుంది |
| క్లోరిన్ వాసన | పోతుంది | పోతుంది | పోతుంది | పోతుంది |
| బ్యాక్టీరియా | నమ్మలేం | ఆపుతుంది | చంపుతుంది | ఆపుతుంది |
| వైరస్ | ఆపదు | పూర్తిగా నమ్మలేం | చంపుతుంది | చాలావరకు ఆపుతుంది |
| ఫ్లోరైడ్, నైట్రేట్, ఉప్పు | పోవు | పోవు | పోవు | చాలావరకు పోతాయి |
| కరెంటు | వద్దు | వద్దు | కావాలి | కావాలి |
| వృథా నీళ్లు | లేవు | కడిగినప్పుడు కొద్దిగా | లేవు | లీటరుకు సుమారు 3 లీటర్లు |

సెడిమెంట్, కార్బన్ మాత్రమే ఉన్న చవక సెట్ గురించి ఎక్కువ చెప్పేది లేదు. రుచి బాగుపడుతుంది, అంతే. సంపులో నిల్వ ఉన్న నీళ్లకు అది చాలదు. పైగా కార్బన్ క్లోరిన్‌ను కూడా తీసేస్తుంది కాబట్టి ఆ తర్వాత నీటికి కాపలా ఉండదు.

యూఎఫ్ అంటే సన్నటి గొట్టాల్లాంటి పొర. ఏటి నీళ్ల ఇంటికి నేను మొదట చూడమనేది ఇదే. కరెంటు పోయినా పనిచేస్తుంది, ట్యాంకు ప్రెషర్‌తోనే నడుస్తుంది, మరమ్మతు తక్కువ. ప్రెషర్ మరీ తక్కువైతే ధార సన్నగా వస్తుంది. వానాకాలంలో బురద నీళ్లొస్తే త్వరగా మూసుకుపోతుంది, అందుకే దాని ముందు సెడిమెంట్ ఫిల్టర్ తప్పనిసరి. ఇంట్లో పసిపిల్లలో, జబ్బు మనిషో ఉంటే యూఎఫ్‌తో పాటు యూవీ కూడా ఉన్నది తీసుకోండి.

యూవీ (అతినీలలోహిత కాంతి) దీపం వైరస్‌తో సహా దాదాపు అన్ని సూక్ష్మజీవులనూ చంపుతుంది, కానీ నీళ్లు తేటగా ఉంటేనే. మబ్బు నీళ్లలో వెలుతురు అటువైపుకు చేరదు. దీపం వెలుగుతూనే ఉన్నా ఏడాది తిరిగేసరికి దాని శక్తి తగ్గుతుంది, కంటికి తెలియదు. తేదీ రాసిపెట్టుకుని మార్చాల్సిందే. కరెంటు లేనప్పుడు నీళ్లు వదలకుండా ఆపే మోడల్ అయితేనే కొనండి.

ఆర్‌ఓ దగ్గర కాసేపు ఆగాలి. మన వైపు ఎక్కువమంది కొనేదీ, ఎక్కువమంది తప్పుగా బిగించుకునేదీ ఇదే.

మంచి మెంబ్రేన్ (ఆర్‌ఓ లోపల వడకట్టే పొర) ఫ్లోరైడ్‌లో 90 శాతం చుట్టుపక్కల తీసేస్తుంది. బోరులో 3 ఉంటే బయటికి 0.3 వస్తుంది. అంతవరకు సంతోషం. తర్వాత మెకానిక్ ‘నీళ్లు మరీ చప్పగా ఉన్నాయి సార్, మినరల్స్ పెంచుతా’ అని ఒక స్క్రూ తిప్పుతాడు. దాన్ని టీడీఎస్ కంట్రోలర్ అంటారు. అది చేసేది ఆర్‌ఓ నుంచి వచ్చిన నీళ్లలో మెంబ్రేన్ గుండా పోని నీళ్లను కొంత కలపడం. మూడు వంతుల ఆర్‌ఓ నీటికి ఒక వంతు బోరు నీళ్లు కలిపారనుకోండి. లెక్క వేస్తే ఫ్లోరైడ్ 0.3 నుంచి దాదాపు 1కి చేరుతుంది. ఇంకొంచెం తిప్పితే 1 దాటుతుంది. డబ్బు పోసి తీయించిన ఫ్లోరైడ్‌ను మళ్లీ గ్లాసులో పోసుకున్నట్టే.

కాబట్టి ఫ్లోరైడ్ బోరు ఇంటికి టీడీఎస్ కంట్రోలర్ లేని మోడల్ కావాలి, ఉంటే పూర్తిగా మూయించాలి. రుచి కోసం మినరల్ కార్ట్రిడ్జ్ ఉన్నది ఎంచుకోవచ్చు. అది వేరు. కాల్షియం, మెగ్నీషియం తనలోంచి కలుపుతుంది, బోరు నీళ్లను కలపదు. ఇక ఆర్‌ఓ నీళ్లలో ఖనిజాలు తక్కువన్న బెంగకు మన వంటింట్లోనే జవాబుంది. రాగిసంగటి, పాలు, పెరుగు ఇచ్చే కాల్షియం ముందు నీళ్లిచ్చేది చిన్నది. ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లలో కాల్షియం, సి విటమిన్ బాగా తినేవాళ్లకు దాని దెబ్బ తక్కువగా తగులుతుంది కూడా. రాగి, ఉసిరి పిల్లల కంచంలో ఉండేలా చూడండి.

ట్యాంకు ఏ రకమో కూడా అడగాలి. ప్రెషర్ ట్యాంకు ఉన్న మోడల్‌లో లోపలి గాలి నీటిని పైకి నెడుతుంది, కరెంటు పోయినా నిల్వ ఉన్నంత వరకు కొళాయి పారుతుంది. మామూలు ట్యాంకు సింక్ కింద ఉంటే నీళ్లు పైకి రావడానికి మళ్లీ చిన్న పంపు కావాలి. కరెంటు లేకపోతే ట్యాంకు నిండా నీళ్లున్నా గ్లాసు నిండదు. ఏప్రిల్, మే నెలల్లో కోతలుండే వీధివాళ్లు ఇది ఖాయంగా చూసుకోవాలి.

వృథా నీళ్ల మాట దాటేయలేను. 15 లీటర్లు వడకడితే దాదాపు 45 లీటర్లు బయటికి పోతాయి. ట్యాంకర్ కోసం ఎదురుచూసే ఊళ్లో అది చిన్న విషయం కాదు. ఆ పైపును మోరీలోకి వదలకుండా ఒక డ్రమ్ములోకి పెట్టించండి. ఇల్లు తుడవడానికి, బాత్రూములకు, మొదటిసారి గిన్నెలు తొలచడానికి వాడొచ్చు. తాగడానికి, వంటకు, పశువుల తొట్టికి వద్దు. బోరు నీళ్లలో ఉన్న ఉప్పు, ఫ్లోరైడ్ ఇందులో మూడో వంతు ఎక్కువగా ఉంటాయి. కుండీల మొక్కలకు కూడా రోజూ పోయకండి, మట్టి చవుడు పడుతుంది.

యాక్టివేటెడ్ అల్యూమినా అనే పొడి ఫ్లోరైడ్‌ను పట్టుకుంటుంది, నీళ్లు వృథా కావు. వినడానికి బాగుంటుంది. అయితే మన బోరు నీళ్లలో క్షారగుణం ఎక్కువ కావడంతో దాని పట్టు త్వరగా తగ్గుతుంది, తగ్గినట్టు రుచిలో తెలియదు. తరచూ ల్యాబుకు పంపించి, పొడిని మళ్లీ శుద్ధి చేయించే ఏర్పాటున్న చోట సరే. ఒక ఇంటికి నేను సలహా ఇవ్వను.

ఎవరింటికి ఏది

మున్సిపల్ నీళ్లకు విడిగా సంపు, విడిగా ట్యాంకు ఉన్న ఇల్లు: యూఎఫ్, కార్బన్, వీలైతే యూవీ. ఆర్‌ఓ ఖర్చులో సగంలోపే తేలుతుంది, మిగిలిన డబ్బుతో ఏడాదికి రెండుసార్లు సంపు కడిగించండి.

బోరు ఒక్కటే ఆధారమైన శివారు కాలనీ, పల్లె ఇల్లు: ముందు టెస్ట్. ఫ్లోరైడ్ 1 దాటినా, నైట్రేట్ 45 దాటినా ఆర్‌ఓ. సింక్ కింద పెట్టేవి ఇప్పుడు సుమారు 15 వేల నుంచి 25 వేల మధ్య దొరుకుతున్నాయి, ఏటా ఫిల్టర్లకు, సర్వీసుకు ఇంకొన్ని వేలు పక్కన పెట్టాలి. కాఠిన్యం ఎక్కువైతే మెంబ్రేన్ మీద సున్నం పేరుకోకుండా ఆపే యాంటీస్కేలెంట్ కార్ట్రిడ్జ్ తప్పనిసరి. అది లేకపోతే కడప, కర్నూలు బోరు నీళ్లకు మెంబ్రేన్ ఏడాది కూడా నిలవకపోవచ్చు.

రెండు నీళ్లు ఒకే సంపులో కలిసే ఇల్లు: ఇక్కడ మున్సిపల్ నీళ్లొచ్చిన రోజు ఒక గుణం, రాని రోజు ఇంకో గుణం. ఫిల్టర్ షాపుకు వెళ్లేముందు ప్లంబర్‌ను పిలిచి, మున్సిపల్ నీళ్లకు మిద్దె మీద ఒక చిన్న ట్యాంకు వేయించి, అక్కడి నుంచి వంటింటి సింక్‌కు విడి లైను దింపించగలరేమో అడగండి. కుదిరితే ఆర్‌ఓ అవసరమే పోతుంది, రోజూ 45 లీటర్లు మిగులుతాయి. కుదరకపోతే అధ్వాన్నమైన రోజును లెక్కలోకి తీసుకోవాలి, అంటే బోరు నీళ్ల రిపోర్టు ప్రకారమే కొనాలి.

అద్దె ఇల్లు: గట్టుకు రంధ్రం వేయాలంటే యజమాని ఒప్పుకోవాలి, మారినప్పుడు విప్పించాలి. రెండేళ్లలోపు మారేవాళ్లకు గోడ మోడల్ నయం. క్యాన్లే వేయించుకునేట్టయితే కనీసం అన్నం, పప్పు, పిల్లల పాలు ఆ నీళ్లతోనే చేయండి. ఆ ప్లాంటు నీళ్లను కూడా ఒకసారి ల్యాబులో చూపించండి.

ఎనిమిదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో వాయిదా వేయకండి. పెద్దపళ్లు చిగురు లోపల తయారయ్యేది ఆ వయసులోనే. అప్పుడు పడిన ఫ్లోరైడ్ మచ్చ తర్వాత ఎన్ని మంచినీళ్లు తాగినా పోదు.

బిగించే రోజు

కంపెనీ పేరు చూసేముందు మీ ఊళ్లో దాని సర్వీసు మనిషి ఉన్నాడా, మెంబ్రేన్ ఇక్కడే దొరుకుతుందా అడగండి. అనంతపురంలో దొరికేది కదిరిలోనో, ఆదోనిలోనో దొరక్కపోవచ్చు. మామూలు సైజు కార్ట్రిడ్జ్‌లు పట్టే మెషిన్ అయితే ఏ మెకానిక్ అయినా మార్చగలడు. కంపెనీ సొంత ఆకారంలో చేసినవైతే వాళ్ల కోసమే ఎదురుచూడాలి. చిన్న ఊళ్లలో ఉండేవాళ్లకు మొదటి రకమే చెప్తాను.

మొదటి ట్యాంకు నీళ్లు పారబోసి, రెండోసారి నిండాక లోపలికి వచ్చే నీళ్ల టీడీఎస్, బయటి నీళ్ల టీడీఎస్ రెండూ తీసి, తేదీ వేసి, సింక్ తలుపు లోపలివైపు అంటించండి. టీడీఎస్ మీటర్ అసలు పనికొచ్చేది ఇక్కడే. లోపలికి 1200, బయటికి 90 వచ్చిందనుకుందాం. లోపలి అంకె అలాగే ఉండి బయటిది పెరుగుతూ 240కి చేరితే మెంబ్రేన్ పనితనం 80 శాతానికి పడిపోయినట్టు. అప్పుడు ఫ్లోరైడ్ కూడా దాటి వస్తుంటుంది. మెకానిక్ ‘ఇంకో ఆరు నెలలు లాగొచ్చు’ అన్నా మార్పించండి. బిగించిన నెలలోపు ఫిల్టర్ నీళ్లను ఒక సీసా ల్యాబుకు పంపి ఫ్లోరైడ్ చూపిస్తే, కంట్రోలర్ నిజంగా మూసి ఉందో లేదో కూడా అందులోనే తెలిసిపోతుంది.

ఊరెళ్లి వారం తర్వాత వచ్చినప్పుడు ఏ రకం ఫిల్టరైనా ట్యాంకులో నిల్వ ఉన్న నీళ్లు పూర్తిగా వదిలేసి, మళ్లీ నింపుకున్నాకే తాగండి.